తొలి చూపులో దోషి

1

శ్రీకాకుళం అనే మాట వినగానే అభ్యుదయ సాహిత్య పాఠకుడి మనస్సులో మెదిలేదేమిటో ఊహించటం కష్టం కాదు. ఉద్దానం, ఏజెన్సీ కొండలు, 1967లో లేవిడి దగ్గర నేలకొరిగిన గిరిజనులు, ఆ తరవాత సాగిన రైతాంగ పోరాటం. కాని ఈ వ్యాసం మొదలవుతున్న శ్రీకాకుళం అది కాదు. కృష్ణా డెల్టాలో, ఘంటసాలకు దగ్గరగా, కృష్ణానది వొడ్డున వున్న పల్లెటూరు ఇది. ఆంధ్ర మహావిష్ణువు గుడి వున్న వూరు. కళింగ దండయాత్ర కాలంలో కృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి హరివాసరం నాడు ఉపవాసం వున్నాడనీ, దేవుడు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడనీ ‘ఆముక్తమాల్యద’ అవతారిక చెబుతుంది.

పేరు విని పాఠకుడు ఒక వూరిని వూహించుకున్నాడు. తీరా చూస్తే అది మరో వూరు. ఇందులో అతని తప్పేమీ లేదు. అతను చదివిన పుస్తకాలు, విన్న పాటలు, నిలబడిన పక్షం, అన్నీ కలిసి ఆ బొమ్మను అతని కళ్లముందు నిలబెట్టాయి. తొలి అభిప్రాయం ఎప్పుడూ ఇలాగే పుడుతుంది. అది మన సొంతమని మనం అనుకుంటాం. నిజానికి మనకంటే ముందు జరిగినదంతా కలిసి మనచేత అలా అనిపిస్తుంది.

ఈ వూరి దేవుడి మీద శతకం రాసిన కాసుల పురుషోత్తమ కవి ఈ సంగతి బాగా ఎరిగినవాడు. ఆయన దివి ప్రాంతంలోని పెదప్రోలు వాడు. చల్లపల్లి జమీందారుల కాలంవాడు. ఆయన ‘ఆంధ్రనాయక శతకం’ వ్యాజస్తుతికి పేరుపొందింది. మొదటిసారి చదివితే దేవుణ్ణి నిలదీస్తున్నట్టు, దెప్పుతున్నట్టు వుంటుంది. రెండోసారి చదివితే ఆ దెప్పుడే పొగడ్త అయి కూర్చుంటుంది. పద్యం మారలేదు, అక్షరం మారలేదు. మారింది పాఠకుడి చూపు. మొదటి చూపును నమ్మి వెళ్లిపోయినవాడికి ఆ శతకం అందదు.

శతకకవి భక్తికోసం చేసిన ఈ పనినే ఆధునిక కాలంలో ఒక వ్యాపార సాహిత్య ప్రక్రియ పొట్టకోసం చేసింది. అదే అపరాధ పరిశోధక నవల. హత్య చుట్టూ అల్లిన ఈ నవలకు ముడిసరుకు హత్య కాదు. పాత్రల గురించి పాఠకుడికి మొదటి యాభై పేజీల్లో కలిగే అభిప్రాయమే దానికి ముడిసరుకు. ఆ అభిప్రాయం ఎక్కడినుంచి వస్తుంది? దానికి చరిత్ర వుందా? ఆ చరిత్రతో మన ప్రాంతానికి సంబంధం ఏమిటి? ఈ వ్యాసం పరిశీలించదలచుకున్నది ఇదే.

2

తెలుగులో డిటెక్టివ్ సాహిత్యాన్ని మన విమర్శకులు చాలాకాలం గుమ్మం బయటే నిలబెట్టారు. రైలుబడ్డీ సాహిత్యం అన్నారు, కాలక్షేపం బఠాణీలు అన్నారు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. కాని లక్షలమంది చదివినదాన్ని చదవతగనిదని తోసేస్తే ఆ లక్షలమంది మనస్సుల్లో ఏం జరిగిందో మనకు తెలియకుండా పోతుంది. అభ్యుదయ రచయితల శ్రేణిలో ముందు నిలిచిన ఆరుద్ర స్వయంగా ‘పలకల వెండిగ్లాసు’ వంటి డిటెక్టివ్ నవల రాశాడన్న సంగతి మరచిపోరాదు.

ఈ ప్రక్రియ మనకు బెంగాలీ దారిన వచ్చింది. కలకత్తా పోలీసుశాఖలో పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ 1892 నుంచి ‘దారోగార్ దఫ్తర్’ పేరుతో నేరపరిశోధన కథలు వెలువరించాడు. పాంచ్‌కడి దే నవలలు ఆ తరవాత బెంగాల్‌ను వూపాయి. వాటిని వెంకట పార్వతీశ కవుల వంటివారు తెలుగు చేశారు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో దేవరాజు వేంకటకృష్ణారావు రాసిన నవల పేరు ‘వాడే వీడు’. ఆ పేరులోనే ఈ ప్రక్రియ రహస్యమంతా వుంది. మనం ‘వీడు’ అనుకుని పరిచయం చేసుకున్న మనిషి చివరికి ‘వాడు’గా తేలతాడు. తొలి పరిచయానికీ తుది పరిచయానికీ మధ్య దూరమే నవల.

స్వాతంత్ర్యం తరవాత ఈ సాహిత్యాన్ని ఇంటింటికీ చేర్చినవాడు కొమ్మూరి సాంబశివరావు. ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఒక తరం పాఠకులకు ఇంట్లోవాళ్లయ్యారు. బందరులోనూ గుడివాడలోనూ తెనాలిలోనూ అద్దె పుస్తకాల కొట్లు వున్న రోజుల్లో ఈ నవలలు చేతులు మారి మారి అట్టలు వూడిపోయేవి. ఆ పుస్తకాలు అద్దెకు తెచ్చుకున్నవారికి ఒక సంగతి గుర్తుండే వుంటుంది. ముందు చదివినవాడెవడో పెన్సిలుతో అంచుల్లో రాసిన మాటలు. ఒక పాత్ర ప్రవేశించగానే ‘వీడే’ అని ఒకడు రాస్తాడు. ఇరవై పేజీల తరవాత ఆ మాట కొట్టివేసి వుంటుంది, మరో పాత్ర పక్కన మళ్లీ ‘వీడే’. దాని కింద ఇంకొక చేతిరాత, ‘నీ మొహం’ అని. ఎవడో కడుపుమంటతో మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసి పెట్టేవాడు.

ఆ పెన్సిలు రాతలను మన సాహిత్య చరిత్రకారులు ఎవరూ భద్రపరచలేదు. కాని సాహిత్య విమర్శకు అంతకంటె నిజాయితీ గల సాక్ష్యం దొరకదు. పాఠకుడు ఎవరినీ మెప్పించటానికి రాయని విమర్శ అది. ఏ పాత్రను చూడగానే అతను ‘వీడే’ అన్నాడు? ఎందుకన్నాడు?

ఎందుకన్నాడో తెలియాలంటే పాత్రలను ఎలా ప్రవేశపెడతారో చూడాలి. రచయితకు చోటు తక్కువ. నూరూ నూటయాభై పేజీల పుస్తకంలో పది పన్నెండు పాత్రలు. ఒక్కొక్కరిని రెండు మూడు వాక్యాల్లో నిలబెట్టాలి. అంత తక్కువ చోటులో మనిషిని నిలబెట్టటానికి ఒకటే మార్గం. పాఠకుడి మనస్సులో అప్పటికే వున్న మూసను తట్టి లేపటం. నల్లకళ్లద్దాలు, లుంగీ, గళ్లచొక్కా, చెంపమీద కత్తిగాటు అంటే రౌడీ. మల్లుపంచె, ఉత్తరీయం, నుదుట విభూతి అంటే పెద్దమనిషి. యజమాని ముందు తల వంచుకుని తడబడే నౌకరు అంటే ఏదో దాస్తున్నవాడు. క్లబ్బులో సిగరెట్టు కాల్చే ఆడది అంటే ఇక చెప్పనక్కరలేదు. వీటిలో ఏదీ సాక్ష్యం కాదు. బట్ట, రంగు, యాస, వృత్తి, కులం తెలిపే పేరు, ఇవే ఆధారాలు. రచయిత ‘ఇతను చెడ్డవాడు’ అని ఎక్కడా అనడు. అనవలసిన పని పాఠకుడే చేసిపెడతాడు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం రావచ్చు. చివరికి హంతకుడుగా తేలేది ఆ రౌడీ, ఆ నౌకరు కాదు గదా! దానధర్మాలు చేసే లక్షాధికారి, చనిపోయినవాడి ప్రాణస్నేహితుడు, డాక్టరు, ప్లీడరు, వీళ్లే గదా! కనక ఈ నవల పెద్దమనుషుల ముసుగు తీస్తుందనీ, పాఠకుడి దురభిప్రాయాన్ని వోడిస్తుందనీ ఎందుకు అనరాదు?

అనవచ్చు. ఈ వాదనలో బలం వుంది. దాన్ని తూకం వేయటానికి కొంచెం వెనక్కి, ఈ ప్రక్రియ పుట్టుకకు చాలా ముందుకాలానికి వెళ్లాలి.

3

హత్యానేరం, అనుమానితుడు, విచారణ అనే మూడింటినీ కలిపి చూపించిన సంస్కృత నాటకం శూద్రకుడి ‘మృచ్ఛకటికం’. దీన్ని తిరుపతి వేంకట కవులు తెలుగు చేశారు. ఆ జంటలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడుగా పనిచేసినవాడే.

రాజుగారి బావమరిది శకారుడు. అతను వసంతసేన గొంతు నులిమి, చచ్చిపోయిందనుకుని, ఆ నేరం చారుదత్తుడి మీద మోపుతాడు. ప్రేక్షకుడికి ఇక్కడ రహస్యం ఏమీ లేదు. గొంతు నులిమింది ఎవరో కళ్లారా చూశాడు. తెలియనిది న్యాయస్థానానికే. తొమ్మిదో అంకంలో చారుదత్తుడు సభలోకి రాగానే న్యాయాధికారి అతని ముఖం వైపు చూస్తాడు. ఎత్తైన ముక్కు, విశాలమైన కళ్లు. ఇలాంటి ఆకృతి గలవాడు దోషం చేయడని తనలో అనుకుంటాడు. ఏనుగులకూ గుర్రాలకూ ఎద్దులకూ మనుషులకూ ఆకారాన్ని బట్టే నడత వుంటుందని అతని నమ్మకం.

అతని తొలి అభిప్రాయం నిజమే, చారుదత్తుడు నిర్దోషి. కాని అతను ఆ నిజానికి వచ్చిన దారి సరైనది కాదు. ముక్కు చూసి నిర్దోషి అన్నవాడు మరోనాడు ముక్కు చూసే దోషి అంటాడు. చారుదత్తుడి స్థానంలో అదే బీదరికంతో చప్పిడి ముక్కువాడు ఒకడు నిలబడి వుంటే? నాటకంలో ఆ ప్రశ్న లేదు. పైగా ఆ మంచి అభిప్రాయం చారుదత్తుణ్ణి కాపాడనూ లేదు. సాక్ష్యాలు పేర్చారు, శకారుడు రాజుపేరు చెప్పి బెదిరించాడు. బ్రాహ్మణుణ్ణి చంపరాదనే మనుధర్మాన్ని న్యాయాధికారి గుర్తుచేసినా రాజు వధశిక్షే విధించాడు. చారుదత్తుడు బతికింది వసంతసేన ప్రాణాలతో తిరిగి రావటం వల్ల. ఆ దుష్ట రాజు కూలిపోయింది ఆర్యకుడి తిరుగుబాటు వల్ల.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, ముఖం చూసి గుణం తేల్చటం మన న్యాయ భావనలో ఎంతో పాతది. రెండు, అధికారం ఎవరిదో వారి అభిప్రాయమే చివరికి తీర్పు అవుతుంది. ఈ రెండో పాఠం ఆధునిక డిటెక్టివ్ నవల మరచిపోయింది. దాని ప్రపంచంలో హంతకుడు తెలియటమే తరువాయి, న్యాయం తనంతట తాను జరిగిపోతుంది.

4

ఇక ఆ ఆధునిక నవల సంగతి చూద్దాం. ఇంగ్లీషులో తొలి డిటెక్టివ్ నవలల్లో ముఖ్యమైనది విల్కీ కాలిన్స్ రాసిన ‘ది మూన్‌స్టోన్’. 1868లో వచ్చింది. 1799లో శ్రీరంగపట్నం లూటీలో ఒక ఇంగ్లీషు అధికారి కాపలాదారులను చంపి కాజేసిన వజ్రం, ఇంగ్లండులో ఒక దొరల ఇంటినుంచి మాయమవుతుంది. అంతకుముందే ఆ ఇంటి చుట్టూ ముగ్గురు భారతీయులు గారడీవాళ్ల వేషంలో తిరిగారు. పోలీసులు చేసిన మొదటి పని వాళ్లను పట్టుకోవటం. తరవాత అనుమానం ఒకప్పుడు దొంగతనం చేసి శిక్ష అనుభవించి వచ్చిన పనిమనిషి రొజానా మీదికి పోతుంది. ఆ పిల్ల చివరికి వూబిలో పడి ప్రాణం తీసుకుంటుంది. నిజంగా వజ్రాన్ని దక్కించుకున్నవాడు ఎవరు? స్త్రీల ధర్మసంఘాలకు పెద్దగా వుండి అందరిచేతా మన్ననలందుకునే తెల్లవాడు. అతను పారిపోవటానికి వేసుకున్న వేషం గమనించదగింది. ముఖానికి నల్లరంగు పూసుకుని నావికుడిగా మారతాడు. చచ్చి పడివున్నప్పుడు ఆ రంగు కింద తెల్లతోలు బయటపడుతుంది.

ఇంతకంటె గొప్ప వ్యంగ్యం వుండబోదు. తెల్లవాడు నేరం దాచుకోవటానికి నల్లవాడయ్యాడు. పాఠకుడు అప్పటిదాకా నల్లముఖాలను అనుమానించాడు. తన అనుమానం తనకే ఎదురుతిరిగింది. ఆ నవల అంతటితో ఆగి, మొట్టమొదటి నేరం శ్రీరంగపట్నం లూటీయే గదా అన్న ప్రశ్న కూడా చదువరి ముందు పెట్టింది.

కాని ఆ ప్రక్రియ పెరిగినకొద్దీ ఈ ప్రశ్న వెనకబడింది. 1928లో అమెరికన్ రచయిత వాన్ డైన్ డిటెక్టివ్ కథలకు ఇరవై నియమాలు రాశాడు. అందులో ఒకటి, నౌకరును హంతకుణ్ణి చేయరాదు అని. పైకి చూస్తే నౌకర్ల మీద దయ అనిపిస్తుంది. కారణం చదివితే అసలు రంగు తెలుస్తుంది. నౌకరైతే మరీ తేలిగ్గా వుంటుందట. హంతకుడు అంతో ఇంతో లెక్కలోకి వచ్చే మనిషి కావాలట. అంటే నౌకరు నిర్దోషి అయింది అతను మంచివాడని కాదు, కథకు తగినవాడు కాడని! బీదవాడు అనుమానానికి పనికివస్తాడు, చివరి అధ్యాయానికి పనికిరాడు.

పైన వేసుకున్న అభ్యంతరానికి జవాబు ఇక్కడుంది. మన నవలల్లో నౌకరు నిర్దోషిగా తేలిన మాట నిజమే. కాని తేలిన తరవాత అతని సంగతి ఎవడికీ పట్టదు. లాకప్పులో వాడు తిన్న దెబ్బలకు లెక్క లేదు. పాఠకుడు ‘అరె, వీడు కాదే!’ అని ఆశ్చర్యపోతాడు తప్ప, ‘వీణ్ణి నేనెందుకు అనుమానించాను?’ అని అడుక్కోడు. దురభిప్రాయం వోడిపోలేదు, వాడకంలో వుంది. అది అరిగిపోతే రచయిత వ్యాపారమే దెబ్బతింటుంది. వచ్చే నెల నవలలో మళ్లీ అదే గళ్లచొక్కా, అదే తడబడే నౌకరు కావాలి.

అనుభవం గల పాఠకుడు కొన్నాళ్లకు ఈ కిటుకు పసిగడతాడు. అందరికంటె మంచివాడుగా కనిపించేవాణ్ణే మొదట అనుమానిస్తాడు. 1926లో అగాథా క్రిస్టీ ‘రోజర్ ఏక్రాయిడ్ హత్య’లో కథ చెబుతున్న డాక్టరునే హంతకుణ్ణి చేసి ఆ తెలివిని కూడా దెబ్బతీసింది. కాని ఇదీ ఆటలో నేర్పే. మూసను తలకిందులు చేస్తే మరో మూస వస్తుంది. చూపు మారదు.

5

పుస్తకంలో తొలి అభిప్రాయం తప్పయితే పోయేది అద్దె డబ్బులే. బయట ప్రపంచంలో ఏం పోతుంది?

‘మూన్‌స్టోన్’ వచ్చిన మూడేళ్లకు, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. కొన్ని తెగలు పుట్టుకతోనే నేరస్థులని ప్రభుత్వం ప్రకటించవచ్చు. ఆ ప్రకటనను ప్రశ్నించే అధికారం కోర్టులకు లేదు. 1876లో ఇటలీలో లాంబ్రోసో అనే వైద్యుడు నేరస్థుణ్ణి పుర్రెనుబట్టి, దవడనుబట్టి గుర్తుపట్టవచ్చునని పెద్ద గ్రంథమే రాశాడు. మృచ్ఛకటికంలోని న్యాయాధికారి నమ్మకానికి ఇది శాస్త్రం వేషం. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం తెరిచారు. ఆ పద్ధతిని తీర్చిదిద్దటంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల కృషి వుంది. వేలిముద్ర ముఖం చూడదు, కులం అడగదు. దానివల్ల అనుమానం స్థానంలో సాక్ష్యం రావలసింది. కాని అదే వేలిముద్రను ఏ నేరమూ చేయని తెగల మనుషుల చేత ముందుగానే వేయించుకుని రిజిస్టర్లు నింపారు. పనిముట్టు కొత్తదే, పట్టుకున్న చెయ్యి పాతది.

1911లో ఈ చట్టాన్ని సవరించి మద్రాసు రాజధానికి వర్తింపజేశారు. మన కోస్తాలో దాని దెబ్బ ముఖ్యంగా ఎరుకల వారిమీద పడింది. వాళ్లెవరు? సముద్రతీరంలోని ఉప్పును గాడిదలమీద, ఎద్దులమీద వేసుకుని లోపలి వూళ్లకు చేర్చి, అక్కడి ధాన్యం తెచ్చి అమ్ముకున్న సంచార వర్తకులు. ఉప్పుమీద సర్కారు గుత్తాధిపత్యం, ఆపైన రైలు బండి, ఆపైన అడవి చట్టాలు వారి బతుకు తెరువును ఒకదాని వెంట ఒకటి తెంచేశాయి. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ క్రమాన్ని వివరంగా రాసింది. పని పోయినవాడు వూళ్ల వెంట తిరిగితే అనుమానితుడయ్యాడు. అనుమానితుడు రిజిస్టరులోకి ఎక్కాడు. రిజిస్టరులో వున్నవాడు నేరస్థుడయ్యాడు. ఏ డిటెక్టివ్ నవలా ఇంత తక్కువ పేజీల్లో మనిషిని దోషిని చేయలేదు.

దివిసీమకు ఆవల, కృష్ణానది దాటితే బాపట్ల ప్రాంతం. ఆ తీరాన 1910లలో ఎరుకలవారికోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువార్టు పేరు దానికి పెట్టారు. అదే స్టువార్టుపురం. అక్కడివారు అనుమతి చీటీ లేకుండా వూరు దాటరాదు, వేళకు హాజరు పలకాలి. చీరాల పొగాకు కంపెనీకి వాళ్లు చౌక కూలీలయ్యారు. సంస్కరణ అన్నది పేరు. దానివల్ల దొరికింది కదలటానికి వీల్లేని శ్రమ.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ చట్టాన్ని 1952లో దేశమంతటా రద్దు చేశారు. ఆ తెగలను విముక్త తెగలన్నారు. కాని దాని స్థానంలో అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలు రాష్ట్రాల వారీగా నిలిచాయి. కాగితం మీద తెగ పోయి వ్యక్తి వచ్చాడు. పోలీసు చూపులో తెగ అలాగే వుంది. సినిమాలు ఆ చూపును తెరకెక్కించాయి. ఒక్క 1991లోనే ‘స్టువార్టుపురం దొంగలు’, ‘స్టువార్టుపురం పోలీస్ స్టేషన్’ అని రెండు సినిమాలు వచ్చాయి. రెండోదానికి దర్శకుడు మన పాపులర్ నవలా రచయిత యండమూరి వీరేంద్రనాథ్. ఆ వూళ్లో పుట్టి చదువుకుని ఉద్యోగానికి పోయిన కుర్రవాడు దరఖాస్తులో సొంతవూరి పేరు రాయవలసి వచ్చినప్పుడు ఎంత వెనకాడతాడో, ఆ వూరిపేరు చూడగానే అవతలివాడి చూపు ఎలా మారుతుందో ఊహించటానికి డిటెక్టివ్ బుర్ర అక్కరలేదు. అతను ఇంకా నోరు విప్పలేదు. అంచున పెన్సిలుతో ‘వీడే’ అని రాసేశారు.

చట్టం రద్దయిన 72 ఏళ్లకు, 2024 అక్టోబరులో, జైలు నియమావళుల్లో కులాన్నిబట్టి పనులు పంచటం, విముక్త తెగలవారిని అలవాటుపడ్డ నేరస్థులుగా చూడటం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఒక తొలి అభిప్రాయాన్ని కొట్టివేయటానికి అంత కాలం పట్టింది. కోర్టు కొట్టివేసింది నియమావళిలోని మాటను. మన మనస్సులోని మాటను కొట్టివేయటం కోర్టు పని కాదు, సాహిత్యం పని.

6

డిటెక్టివ్ నవలలో నడిచే న్యాయానికీ మన నేలమీద నడిచే న్యాయానికీ వున్న తేడా చెప్పి ముగిస్తాను.

నవల ఒప్పందం ఇది. హత్య జరుగుతుంది. చంపినవాడెవడో తెలియదు. తెలిసిన నాడు కథ సుఖాంతం. 1991 ఆగస్టు 6న తెనాలికి దగ్గరలోని చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. చచ్చినవారెవరో, ఎందుకు చచ్చారో దాచిన రహస్యం ఏమీ కాదు. పట్టపగలు జరిగింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ కేసులో శిక్ష పడ్డవారినందరినీ విడుదల చేసింది. ఎనిమిది శవాలున్నాయి, చివరి అధ్యాయం లేదు. యుగంధర్ వచ్చి అందరినీ హాల్లో కూర్చోబెట్టి విడమరచి చెబితే తేలే వ్యవహారం కాదిది. ఇక్కడ కావలసింది చంపినవాణ్ణి కనిపెట్టే తెలివి ఒక్కటే కాదు, ఎవరి మాటను సాక్ష్యంగా నమ్ముతామన్న ప్రశ్నను ఎదుర్కొనే ధైర్యం. సాక్షి నోరు విప్పకముందే అతని కులం, బట్ట, భాష చూసి అతని మాటకు వెల కడతాం. అనుమానితుడి విషయంలోనే కాదు, సాక్షి విషయంలోనూ తొలి అభిప్రాయమే తీర్పు చెబుతుంది. శూద్రకుడికి ఇది తెలుసు. మన పాకెట్ నవలాకారులకు దీని అవసరం కలగలేదు.

అలాగని డిటెక్టివ్ నవలలు చదవవద్దని నేననను. అది పెద్దమనుషుల మాట. తెలుగునాట కథ చదవటం, కారణాలు వెతకటం, కనిపించినదాన్ని సందేహించటం వేలమందికి అలవాటు చేసింది ఆ పుస్తకాలే. దయ్యం చంపిందని వూరంతా అంటుంటే దయ్యాలు లేవు, తలుపు గొళ్లెం చూడండి అన్న డిటెక్టివ్ తనకు తెలియకుండానే హేతువాదం ప్రచారం చేశాడు. ఆ మేలు మరవరాదు. చెడు పుస్తకంలో లేదు, అర్ధాంతరంగా ఆగిన మన చదువులో వుంది.

హత్యానవల చివరి పేజీ చదివాక మనం పుస్తకం మూసేస్తాం. మూయకుండా మళ్లీ మొదటి అధ్యాయానికి రావాలి. నేను ‘వీడే’ అనుకున్న చోటు ఏది? ఏ మాట దగ్గర అనుకున్నాను? రచయిత అతను చేసిన పని చెప్పాడా, వేసుకున్న చొక్కా చెప్పాడా? చంపింది ఎవరు అన్నదానికి నవల జవాబు చెబుతుంది. నువ్వు వీణ్ణెందుకు అనుమానించావు అన్నదానికి జవాబు పాఠకుడే వెతుక్కోవాలి. అది వెతుక్కుంటూ పోతే ఉప్పుబస్తాలు మోసిన ఎద్దుల దారి, 1911 నాటి రిజిస్టరు, లాకప్పులో నౌకరు మూలుగు, చుండూరు సాక్షి గొంతు వరసగా ఎదురవుతాయి.

శ్రీకాకుళం గుడిముందు కాసుల పురుషోత్తమ కవి తన దేవుణ్ణి నిందించినప్పుడు, ఆ నింద వెనక వున్నదేమిటో చూడటానికి పద్యాన్ని రెండోసారి చదవవలసిన భారం పాఠకుడి మీద పెట్టాడు. దేవుడి విషయంలో ఆ పాటి వోపిక మన పెద్దలకు వుండేది. సాటిమనిషి విషయంలో అంత వోపిక మనకు ఇంకా అలవాటు కావలసి వుంది. పద్యాన్ని రెండుసార్లు చదివే జాతి మనిషిని ఒక్కసారే చదివి పక్కన పెట్టరాదు.